గుట్ట అవతలి గొంతు

జొన్నచేలో మంచె మీద ఒక మనిషి ఉండేవాడు. పిట్టలు వాలితే "హోయ్" అని కేకేసి తోలడం అతని పని.

ఆ రాజ్యంలో ఒక చట్టం ఉంది. ఒక ఆసామి దగ్గర ఇద్దరో ముగ్గురో కలిసి కాపలా కాస్తుంటే, మధ్యాహ్నం వాళ్ళకి నీడా నీళ్ళూ అతనే చూడాలి. వాళ్ళలో అరిచి అరిచి గొంతు పోయినవాణ్ణి, అది తిరిగొచ్చేదాకా పనిలోంచి తీసెయ్యకూడదు. చాటింపు విన్నరోజు అందరూ రాజుగారిని తెగ పొగిడారు. ఈ జొన్నచేను ఆసామీ పొగిడాడు. పొగుడుతూనే తన పొలంలోని గుట్టల్ని ఓసారి కలియజూశాడు.

ఆ ఏడు మంచె గుట్ట చాటుకి మారింది.

"నువ్వు కూలివాడివి కాదు, ఈ చేనుకి చుట్టానివి. చుట్టం మధ్యలో లేచిపోకూడదు. పొద్దు వాలేదాకా మంచె దిగనని ఒప్పుకో," అన్నాడు ఆసామి.

అతను పొంగిపోయి ఒప్పుకున్నాడు. అంత పెద్దమనిషి చుట్టరికం కలుపుతుంటే ఎవరు కాదంటారు?

మొదటిరోజు అతను కేకేస్తే గుట్ట అవతల నుంచి "హోయ్" అని వినిపించింది.

"అటుపక్క ఎవరైనా ఉన్నారా అయ్యా?"

"ఎవరుంటారు? నీ కేకే గుట్టకి తగిలి తిరిగొస్తోంది."

అతను నమ్మాడు. తిరిగొచ్చే గొంతు కాస్త సన్నగా ఉంటే, అంతదూరం వెళ్ళొచ్చి అలిసిపోయిందనుకున్నాడు. అన్నం మూట విప్పుతూ, పిట్ట ఒక్కటీ లేకపోయినా, దానికోసమే ఓ కేక వేసేవాడు. అది పలికితేనే ముద్ద దిగేది. పాపం, అతనికి మాట్లాడేందుకు ఇంకెవరూ లేరు.

పంట పాలుపోసుకునే వేళకి అతని గొంతు పోయింది.

"సాయంత్రానికి గొంతు రాకపోతే వెళ్ళిపో. చుట్టమైనా పిట్టల్ని తోలాలి కదా," అన్నాడు ఆసామి.

ఆ మధ్యాహ్నం రాజుగారి గొడుగు మనిషి ఆ దారిన వచ్చాడు. చట్టం వర్తించేచోట గొడుగు విప్పడం, వర్తించనిచోట ముడుచుకుని వెళ్ళిపోవడం అతని ఉద్యోగం.

"గొంతు పోయింది దొరా. నన్ను పంపించేస్తానంటున్నారు," అన్నాడు మంచె మీది మనిషి, గుసగుసగా.

"నీతోపాటు కాపలా కాసేవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు. నేనూ, నా కేకా."

గొడుగు మనిషి నిట్టూర్చాడు. "ఒక్కడివే అయితే ఇది విప్పడానికి నాకు అధికారం లేదు నాయనా." గొడుగు చంకన పెట్టుకుని దారి పట్టాడు.

పిట్టలు వాలాయి. అతను నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చాడు.

"హోయ్!"

అతను తలెత్తాడు. తను కేక వెయ్యలేదు.

"హోయ్!" మళ్ళీ వినిపించింది. కాసేపాగి, భయం భయంగా ఒక ఆడగొంతు అడిగింది. "ఏమే నా కేకా, ఇవాళ తిరిగి రావేం? నీక్కూడా ఒంట్లో బాగాలేదా?"

పలుకుదామంటే గొంతు లేదు. పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది.

అతను మంచె దిగాడు. వెనకాల పిట్టలు జొన్నకంకులు తింటున్నా తిరిగి చూడకుండా గుట్ట ఎక్కసాగాడు.

మలుపు దాకా వెళ్ళిన గొడుగు మనిషి ఎందుకో వెనక్కి తిరిగాడు. గుట్ట మీద ఒక తల కనిపించింది. కాసేపటికి దాని పక్కనే ఇంకో తల లేచింది.

అతను చంకలోంచి గొడుగు తీశాడు.