చిప్పగుండ్ల తమ్ముడిబండ మహిమ

పూర్వం చిప్పగుండ్ల కసబాలో బతికున్నవారందరికీ ఒకే సంత, ఒకే వంక నీళ్లు ఉండేవి గాని, చచ్చినవారికి మాత్రం నాలుగు వల్లకాడులు ఉండేవి. తూర్పున సేద్యగాళ్లది, ఉత్తరాన సాలెవారిది, పడమట జంగములది, వంక దాటితే పల్లెవారిది. ఒకరి చితిలోని బూడిద గాలికెగిరి మరొకరి సమాధి మీద పడిందని మూడు రోజులు పంచాయతీ పెట్టుకున్న మహానుభావులు ఆ ఊరి పెద్దలు. ఇంతటి పట్టుదల బతికున్నవాళ్ల విషయంలో చూపి ఉంటే ఊరు ఏనాడో బంగారమయ్యేది.

ఆ నాలుగు దారులూ చీలే చోట విశాలమైన నల్లని బండ ఒకటి ఉంది. ఏ వాడ నుంచి పాడె లేచినా ఆ బండ మీద దిగవలసిందే, ఎందుకంటే అదే ఊరందరికీ దింపుడుకళ్లం. అక్కడ రక్తసంబంధీకుడు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా నక్కి ఉంటే అయినవారి పిలుపు విని తిరిగి వస్తుందని శాస్త్రం. ఎవరు పిలిస్తే వారికే పదిరోజుల మైల, వారికే కర్మాధికారం.

ఆ నాలుగు శ్మశానాలకూ కాపరి ఈరమ్మ. తండ్రి, మగడు ఇద్దరూ కాపరులే. వారి తరువాత మరో దిక్కు లేక పార ఆమె చేతికి వచ్చింది. బిడ్డలు లేరు, తోబుట్టువులు లేరు. బండకు కూతవేటు దూరంలో ఉన్న గుడిసె, ఆ పార, అంతే ఆమె ఆస్తి. కాపరి దింపుడుకళ్లం దగ్గర నోరు విప్పరాదని, విప్పితే ఊరికి అరిష్టమని, అలాంటి కాపరిని పొలిమేర దాటించాలని ఒక కట్టడి ఉండేది గనుక, ఇరవై ఏళ్లుగా ఆమె ఆ బండ పక్కన మౌనంగానే నిలబడింది.

ఒక వైశాఖమాసాన, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, ఉప్పు కావడి మోసుకుంటూ వచ్చిన ఒక పరదేశి సంతవీధిలో కుప్పకూలిపోయాడు. వైద్యుడు నాడి పట్టి చూసి పెదవి విరిచాడు. ఆ నాడు ఊరమ్మ జాతరకు ఇంకా మూడు రోజులే గడువు. శవం మట్టి అయ్యేదాకా ఊళ్లో పొయ్యి వెలిగించరాదు కాబట్టి, తలా ఒక చెయ్యి వేసి ఆదరాబాదరాగా పాడె కట్టి, బండ మీదకు తెచ్చి దించారు. చిక్కు అక్కడ వచ్చిపడింది.

ఇతనిని ఏ కాటిలో పెట్టాలి? జంగముల పెద్ద మెడ తడిమి చూసి లింగకాయ లేదు, మావాడు కాదన్నాడు. సాలెపెద్ద వేళ్లు పరీక్షించి నూలు ఒరిసిన గుర్తు లేదన్నాడు. ఊరిపెద్ద బయపరెడ్డి అరచేతులు చూసి ఇవి నాగలి మేడి పట్టిన చేతులు కావని తేల్చాడు. పల్లెపెద్ద, మీరు ముగ్గురూ కాదన్నవాడిని మా నెత్తిన రుద్దుతారా అని అడ్డం తిరిగాడు. పోనీ చెవిలో పిలిచి సాగనంపుదామంటే పేరు తెలియదు. పేరు లేకపోయినా ఏదో ఒక వరుస పెట్టి పిలవవచ్చు గదా అంటే, పిలిచినవాడికి మైల పట్టి జాతర తప్పిపోతుందని ఒక్కరూ ముందుకు రాలేదు. ఊళ్లో పొయ్యిలు వెలగలేదు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, పెద్దలు మాత్రం పొద్దు వాలేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదమే పరమేశ్వరుడి లీల. నలుగురిలో ఏ ఒక్కరు ధర్మాత్ముడై సరేనన్నా ఈ కథ అక్కడితో ముగిసేది!

పడమటి ఎండ మొహాన కొడుతోందని ఈరమ్మ వంగి శవం మీద గుడ్డ సర్దబోయింది. జారిన చెయ్యిని ఎత్తి పక్కన పెట్టబోతే అది మోచేతి దగ్గర మెత్తగా వంగింది. ఇన్ని వందల శవాలను చూసిన మనిషి ఆమె. ఇంతసేపటికి చెయ్యి కట్టెలా బిగుసుకుపోవాలని ఆమెకు తెలుసు. నోరు విప్పితే గుడిసె పోతుంది, ఊరు పోతుంది. విప్పకపోతే, ఎవరో ఒకరు చివరికి విసిగి ఇతనిని గోతిలో పెడతారు. ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు.

"అయ్యా, ఈయప్ప పానం పోలేదు. పిలిచి చూడండి," అంది.

కాపరి నోరు విప్పింది! బయపరెడ్డి మండిపడి, అంత నమ్మకముంటే నువ్వే పిలువు, లేవకపోతే మైల నీది, కర్మ నీది, రేపు పొద్దు పొడిచేలోగా పొలిమేర దాటాలి అని తీర్పు చెప్పాడు. ఈరమ్మ పార పక్కన పెట్టింది. నాకు తోడబుట్టినోడు లేడు, ఈడే నా తమ్ముడనుకుంటా అని, బండ మీద కూర్చుని అతని తల ఒడిలో పెట్టుకుంది.

"తమ్ముడా," అని పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "తమ్ముడా," అని రెండోసారి పిలిచింది. జనంలో ఎవరో నవ్వారు. మూడోసారి ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

"తమ్ముడా, లెయ్యి నాయనా. పొద్దు పోతాంది."

కనురెప్పలు అదిరాయి. ఎండిన పెదవులు కదిలాయి.

"అక్కా, నీళ్లు," అన్నాడు పరదేశి.

ఆహా, ఆ క్షణాన చిప్పగుండ్లను చూడాలి! ఆమెవైపు ఉరికినవాళ్లు లేరు, ప్రాణభయంతో పారిపోయినవాళ్లే అందరూ. కాళ్లు ఎటు తీసుకుపోతే అటే పరుగు. బయపరెడ్డి జంగముల కంచె దూకి సమాధి వెనుక నక్కాడు, జంగముల పెద్ద పల్లెవారి కాటిలో తేలాడు, సాలెపెద్ద సేద్యగాళ్ల బూడిదలో పొర్లాడు. తాతముత్తాతలు కాపాడుకొచ్చిన హద్దులన్నీ ఆవులించి చిటికె వేసేలోగా చెరిగిపోయాయి.

తేరుకుని తిరిగి వచ్చాక, నీళ్లు తాగి కూర్చున్న ఆ మనిషిని బయపరెడ్డి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? ఇంతకీ నీదే కులమప్పా అని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. పరదేశి ఈరమ్మ వైపు చూసి, అక్కది ఏదైతే నాదీ అదే అన్నాడు. కట్టడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అతను కావడి దించి అక్కడే ఉండిపోయాడు. ఊరంతా అతనిని తమ్ముడనే పిలిచింది. పదిహేనేళ్లు అక్కకు చేదోడుగా గోతులు తవ్వాడు. ఒక మాఘమాసాన ఈరమ్మ కన్నుమూసినప్పుడు నాలుగు వాడలవారూ వచ్చి మా కాటిలో పెడతాం, మా కాటిలో పెడతాం అని పోటీ పడ్డారు. తమ్ముడు ఆమెను బండ మీద దించి, మోకాళ్ల మీద వంగి, అక్కా అని పిలిచాడు. మూడుసార్లతో ఆపలేదు. పొద్దున మొదలుపెట్టినవాడు సాయంత్రం దాకా, గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉన్నాడు. ఆమె లేవలేదు. అతను లేచి చూసేసరికి, కఠినమైన ఆ నల్లబండ అతని మోకాళ్ల కింద మైనంలా కరిగి రెండు గుంటలు పడి ఉన్నాయి.

ఆమెను బండ పక్కనే పూడ్చారు. ఆ సమాధి మీద కట్టిన చిన్న గుడి నేటికీ ఉంది. అందులో విగ్రహం లేదు, నిలబెట్టిన పార ఒక్కటే ఉంది. నడివేసవిలో వంక ఎండినా ఆ రెండు గుంటల్లో నీళ్లుంటాయి, నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంటాయి. కాడులు ఇప్పటికీ నాలుగే, నాలుగు చోట్లే ఉన్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి! కాని దిక్కూ మొక్కూ లేని మనిషి ఎవరైనా ఈ ఊళ్లో కన్నుమూస్తే మాత్రం నాలుగు వాడలవారూ పనులు మాని బండ దగ్గరికి పరుగెత్తుతారు. అన్నా అని ఒకరు, పెద్దమ్మా అని ఒకరు, బిడ్డా అని ఒకరు, నోటికొచ్చిన వరుసతో పిలుస్తారు. పిలిచినవారంతా మైల పడతారు. అందుకే ఒక ఏడు, పేరు తెలియని ఒక ముసలామె కోసం, చిప్పగుండ్ల ఊరు ఊరంతా జాతర మానుకుంది.