ఊరగాయ బంతి పుట్టినిల్లు

రాజ్యాలు పోయినా, దేవరగిరి పద్మనాభ భూపతికి కొలువు తీర్చే అలవాటు పోలేదు. ఆ వేసవిలో రాజావారికి పికిల్‌బాల్ అనే బ్యాటూ బంతీ ఆట మీద మనసయింది. కోటలో కోర్టు గీయించి, నడుమెత్తు వల కట్టించి, వచ్చినవారికల్లా నియమాలు బోధించడం మొదలుపెట్టారు. సర్వీసు నడుము కిందినుంచి కొట్టాలి. బంతి అటొకసారి, ఇటొకసారి నేల తాకాకే గాలిలో కొట్టే హక్కు వస్తుంది. వల పక్కన గీసిన చోట, అంటే కిచెన్‌లో, నిలబడి గాలిలో బంతిని కొడితే తప్పు.

"ఇంతకీ ఈ ఆట ఎక్కడ పుట్టింది?" అని ఒకనాడు కొలువులో అడిగారు.

ఆస్థాన పండితుడు విశ్వపతిశాస్త్రి లేచాడు. రాజావారికి అక్షరాలు దిద్దించిన గురువు కావడంతో ఆయనకు ఎదురు చెప్పేవారు లేరు.

"మన దగ్గరే, ప్రభూ. పికిల్ అంటే ఊరగాయ. కిచెన్ అంటే వంటిల్లు. ఆవకాయ రుచి ఎరగని దేశంలో ఇలాంటి ఆట పుడుతుందా?"

రాజావారు మురిసిపోయారు. 'పికిల్‌బాల్ పుట్టినిల్లు దేవరగిరి' అని కోట గుమ్మానికి శిలాఫలకం వేయించమన్నారు. దాని కింద, నిర్ధారించినవాడిగా ఆస్థాన చరిత్రకారుడు అచ్యుతం పేరు చెక్కాలన్నారు.

ఆధారం లేని వాక్యం కింద అచ్యుతం ఏనాడూ పేరు పెట్టినవాడు కాదు.

"ప్రభూ, ఇది 1965 వేసవిలో అమెరికాలోని ఒక దీవిలో పుట్టింది. పిల్లలకు పొద్దుపోవడం లేదని పెద్దలు బ్యాడ్మింటన్ ఆడబోతే సరంజామా దొరకలేదు. చేతికందిన టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో, చిల్లుల బంతితో ఆడారు. పికిల్ అన్న పేరు ఎలా వచ్చిందో మాత్రం తేలలేదు. మిగతా పడవల్లో చోటు దక్కక మిగిలిపోయిన తెడ్లవాళ్లతో నడిపే పందెపు పడవ పేరని కొందరు, పెంపుడు కుక్క పేరని కొందరు అంటారు."

"కుక్క పేరట," అన్నాడు శాస్త్రి. "ఊరగాయ చేదయింది, కుక్క ముద్దొచ్చింది ఈయనకు."

రాజావారు చెయ్యెత్తారు. "గురువుగారి మాటను నువ్వు కాదనకూడదు, అచ్యుతం. ఆయన నోటితో ఆయనే కాదంటే ఫలకం ఆపుతాను. లేకుంటే రేపే ఉలి పడుతుంది."

అచ్యుతం చేతులు జోడించాడు.

"పేరును బట్టి పుట్టుక చెప్పే పద్ధతి దివ్యంగా ఉంది. దాన్నే ఇంకొకచోట వాడి చూస్తాను. శాస్త్రిగారూ, తమరి ఇంటిపేరు?"

"కప్పగంతుల," అన్నాడు శాస్త్రి ఠీవిగా.

"అయితే ప్రభూ, రెండో ఫలకం కూడా చెక్కించాలి. శాస్త్రిగారి మూలపురుషుడు మొదటి గంతు ఏ చెరువు గట్టున వేశాడో కనుక్కోవాలి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. శాస్త్రి ముఖం కందిపోయింది.

"ఏమిటయ్యా ఆ కూతలు? ఇంటిపేరులో కప్ప ఉంటే వంశంలో కప్ప ఉంటుందా? పేరు వేరు, పుట్టుక వేరు. ఆమాత్రం తెలియదూ?"

అచ్యుతం వినయంగా వంగాడు.

"తెలుసండీ. తమరి నోట విందామనే అడిగాను."

రాజావారు సింహాసనం చెయ్యి పట్టుకుని పగలబడి నవ్వారు. కొలువంతా ఘొల్లుమంది. "గంతు వేయించావు గదయ్యా," అంటూ శాస్త్రి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. రాజావారు తమ జరీ శాలువా తీసి, శాస్త్రి చేతులమీదుగానే అచ్యుతానికి కప్పించారు.