జవ్వాది తెచ్చిన మెరుపు పెట్టె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కంప్యూటర్లు ఉండేవి. నవ్వకండర్రా, ఉండేవంటే ఉండేవి! ప్రతి గుహలో, ప్రతి బొరియలో ఒక మట్టిరంగు పెట్టె. చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. కానీ పాడైతే ఏ ముంగిసైనా బాగుచేసేది. పూర్తిగా పోతే ఇంకొకటి చేసి ఇచ్చేది. దాన్ని ఎలా చెయ్యాలో అందరికీ తెలుసు మరి.

ఆ పెట్టెల్లో ఏనుగవ్వ రాసిన ప్రోగ్రామ్ ఒకటి నడిచేది. ఎండాకాలం వాగు ఎండిపోతే, ఇసుకలో ఎక్కడ చెలమ తవ్వితే నీళ్లు పడతాయో చెప్పేది. మొత్తం నలభై చెలమలు! ఏటా వరదకి అవి పూడిపోయి, ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండేది కాదు. అవ్వ ముప్పై ఏళ్లు వాగు వెంట తిరిగి తిరిగి రాసింది. ముసలిదైపోయాక దాన్ని జవ్వాది అనే పునుగుపిల్లికి అప్పజెప్పింది.

"ఒరేయ్ జవ్వాదీ, నేను పోయాక కూడా ఇది నడవాలిరా," అంది.

"నా ప్రాణం పెట్టి చూసుకుంటా అవ్వా," అన్నాడు జవ్వాది.

కొన్నాళ్లకే వాడికి నామోషీ పట్టుకుంది. ఇంత గొప్ప ప్రోగ్రామ్ ఈ మట్టి పెట్టెల్లోనా? అవతలి కొండ మీద ఒక నెమలి మెరుపు పెట్టెలు చేసేది. అవి రెప్పపాటులో జవాబు చెప్పేవి. మూత తెరవడానికి మాత్రం వీల్లేదు. లోపల ఏముందో నెమలికే తెలుసు. జవ్వాది ఒకటి తెచ్చుకుని, ప్రోగ్రామ్‌ను దానికి తగ్గట్టు మార్చి రాశాడు. అంతటితో ఆగాడా? నీళ్ల కోసం అందరూ తన గుమ్మానికే రావాలనుకున్నాడు. "కొత్తదొచ్చిందిగా, ఇంకా పాతదెందుకు?" అంటూ ఇల్లిల్లూ తిరిగి మట్టి పెట్టెల్లో ఉన్నదంతా చెరిపేశాడు. చూశారా వాడి తెలివి!

మూడేళ్లు అందరూ వచ్చారు, పొగిడారు. నాలుగో ఎండాకాలం, సరిగ్గా వాగు ఎండిన రోజునే మెరుపు పెట్టె ఆరిపోయింది.

జవ్వాది ముంగిస దగ్గరికి పరిగెత్తాడు. "ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు బాబూ," అంది ముంగిస. వడ్రంగిపిట్ట దగ్గరికి పోయాడు. "మూతే రావట్లేదు, నన్నేం చెయ్యమంటావు?" అంది అది. చివరికి కొండెక్కి నెమలినే అడిగాడు.

"అవి చెయ్యడం ఎప్పుడో మానేశాను. ఇప్పుడు చేసేవాటిలో నీ ప్రోగ్రామ్ నడవదు," అంది నెమలి.

జవ్వాది సిగ్గుతో చచ్చిపోతూ అవ్వ ముందు నిలబడ్డాడు. "నేనే చెరిపేశానవ్వా... నా గొప్ప కోసం."

అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మళ్లీ రాసుకో, గుర్తున్నంత చెబుతాను," అని కళ్లు మూసుకుంది. చాలాసేపు ఆలోచించింది. నలభైలో తొమ్మిదే గుర్తొచ్చాయి.

ఆ తొమ్మిదీ రాసుకుని జవ్వాది ఇల్లిల్లూ తిరిగి మట్టి పెట్టెల్లో ఎక్కించాడు. ప్రతి గుమ్మంలోనూ "తప్పు నాదే" అని చెప్పుకున్నాడు. ఆఖరుకి వాగు ఎగువన ఉన్న దుప్పి ఇంటికి చేరాడు. దాని పిల్లలు దాహంతో సొమ్మసిల్లి పడుకున్నాయి.

"మా వైపు చెలమ ఉందా అన్నా ఇందులో?" అని అడిగింది దుప్పి.

"లేదమ్మా," అన్నాడు జవ్వాది. తల ఎత్తలేకపోయాడు.

దుప్పి పిల్లల్ని లేపింది. "పదండమ్మా, ఈ అడవి వదిలి పోదాం," అంది. చిన్నది లేవలేకపోతోంటే జవ్వాది సాయం పట్టబోయాడు.

"నువ్వు ముట్టుకోకు," అంది దుప్పి.

నీతి: పదికాలాలు నిలవాల్సిన పనిని ఒక్కరికే తెలిసిన పెట్టెలో పెట్టకూడదు, ఎవరైనా మళ్లీ చేసుకోగల పెట్టెలో, పదిమంది ఇళ్లలో ఉంచాలి.