ఏటి గట్టుదాకా వెళ్ళొచ్చిన బిత్తరయ్య

అనగనగా ఒక పెద్ద బీడు. ఆ బీడు చివర ఒక ఏరు. బీడులో ఒక కుందేళ్ళ జంట కాపురం ఉండేది. మొగుడి పేరు బిత్తరయ్య, పెళ్ళాం పేరు చెంగమ్మ. వాళ్ళ బొరియ ముందు ఒక కాలిబాట ఉంది. అది బీడు మీదుగా పోయి, ఏటి గట్టు పట్టుకుని, గాజులా గుండ్రంగా తిరిగి మళ్ళీ బొరియ దగ్గరికే వస్తుంది. దారి తప్పుదామన్నా కుదరదు.

ఒకరోజు చెంగమ్మ కాల్లో రేగుముల్లు దిగింది. కాలు బూరెలా వాచింది.

"ఏటి గట్టున గుంటగలగరాకు ఉందయ్యా. నూరి కట్టు కడితే వాపు తీస్తుంది. సాయంత్రంలోగా తేకపోతే చీము పడుతుంది. రేపు నక్క తరిమితే నేను పరుగెత్తేదెలా?" అంది చెంగమ్మ.

బిత్తరయ్యకి పెళ్ళామంటే ప్రాణం. శకునాలంటే మాత్రం అంతకన్నా కొంచెం ఎక్కువ ప్రాణం.

బొరియ దాటాడో లేదో ఉడుము ఎదురైంది. "ఏం బావా, ఎక్కడికి?" అని పాపం ఊరికే పలకరించింది.

"ఎక్కడికని అడిగేశావా! ఇక పనైనట్టే!" అంటూ బిత్తరయ్య ఇంటికొచ్చేశాడు. కాళ్ళు కడుక్కున్నాడు, మంచినీళ్ళు తాగాడు, కాసేపు కూర్చున్నాడు. చెంగమ్మ పంటి బిగువున ఓర్చుకుంది.

మళ్ళీ బయలుదేరాడు. బీడు సగం దాటాక, పొదలో ఏదుపంది 'హాచ్చి' అని తుమ్మింది. బిత్తరయ్య ఆగిపోయాడు. ఒంటి తుమ్ము చెడ్డదట. రెండోది వస్తే దోషం పోతుందట.

"మామా, నీకు పుణ్యముంటుంది, ఇంకొక్కటి తుమ్మవా!" అని బతిమాలాడు.

ఏదుపంది మంచిది. ముక్కు ఎగబీల్చింది. ఎండకేసి చూసింది. గడ్డిపరకతో ముక్కులో పొడుచుకుంది. "రావట్లేదురా అల్లుడూ. పిలిస్తే వచ్చేదా తుమ్ము?" అంది.

మళ్ళీ ఇంటికి. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు.

"నీ కాళ్ళు ఇన్నిసార్లు కడిగావు. నా కాలి సంగతి ఎప్పుడు చూస్తావయ్యా?" అని చెంగమ్మ కసిరింది.

మూడోసారి, పొద్దు వాలుతుండగా ఏటి గట్టుకి చేరాడు. గుంటగలగరాకు తెల్లపూలతో కళ్ళెదుటే ఉంది. నాలుగు గంతులేస్తే చాలు. అప్పుడే బావురుపిల్లి దారికి అడ్డంగా నడిచింది. నిజానికి కుందేలు భయపడాల్సింది పిల్లి పళ్ళకి. మనవాడు భయపడింది శకునానికి!

"ఎంత పని చేశావే పిల్లీ!" అన్నాడు.

"దాహమేసి ఏటికి వచ్చానయ్యా. కడుపు నిండుగా ఉంది గనక బతికిపోయావు. నీకు కావాల్సింది కోసుకుని పోరాదూ?" అంది పిల్లి.

బిత్తరయ్య ఆకుకేసి చూశాడు. పిల్లి నడిచిన చోటుకేసి చూశాడు. ఆలోచించి ఆలోచించి వెనక్కి తిరిగాడు.

ఇంటికొస్తే చెంగమ్మ లేదు! బిత్తరయ్య బొరియ లోపలా బయటా వెతికాడు. బాగా చీకటి పడ్డాక ఆమె మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ, నోట ఆకు కరచుకుని వచ్చింది.

"నీ కోసం చూసి చూసి, నేనే బాట రెండో కొస పట్టుకుని, గట్టు వైపు నుంచి వెళ్ళాను. ఆకు కోస్తుంటే పక్కనే పిల్లి అడుగులు కనిపించాయి. నిన్ను ఎత్తుకుపోయిందనుకున్నాను. అందుకే బీడంతా నిన్ను వెతుక్కుంటూ వచ్చాను" అంది. అని, గట్టిగా ఏడ్చేసింది.

బిత్తరయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఆకు నూరి కట్టు కట్టాడు. అంత దూరం నడవడం వల్ల చెంగమ్మ కాలు వానాకాలం పోయేదాకా మానలేదు. అన్నాళ్ళూ మేత మోసింది బిత్తరయ్యే.

ఈ కథ బీడంతా పాకింది. ఇప్పుడు ఉడుమైనా, ఏదుపందైనా పని మీద బయలుదేరి బిత్తరయ్యని చూశాయంటే చాలు, "అమ్మో, వీడు ఎదురొచ్చాడు, ఇక పనైనట్టే!" అని ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటున్నాయి.

నీతి: పని చెడగొట్టేది ఎదురొచ్చిన శకునం కాదు, వెనక్కి తిరిగిన కాలు.