పొమ్మన్నవాళ్లు నడిచిన దారి

ఏంటి పిల్లలూ, హైమని ఆటలోంచి ఎలిమినేట్ చేశారా? గెంటేశాం అనడానికి నోరు రాలేదా మీకు? నిన్నేమో ఇంకెవర్నో రిమూవ్ చేశామన్నారు. రేపు ఏ మాట పట్టుకొస్తారో. సరే, ఇలా వచ్చి కూచోండి. పొద్దుట్నించీ పనిలో నిలబడి నిలబడి నా నడుం పడిపోయింది, మీ మీద అరిచే ఓపిక కూడా లేదు. ఒక కథ చెబుతాను. మధ్యలో అడ్డు రాకండి.

అనగనగా ఒక అడవి. పచ్చగా ఉండేదనుకునేరు, కాదు. నడివేసవిలో ఎండి బెండయిపోయిన అడవి. అందులో ఒకే ఒక్క మడుగు. దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, అందరూ ఆ మడుగు చుట్టూ సర్దుకుని బతికేవాళ్లు.

ఆ అడవిలో పాత కట్టుబాటు ఒకటుండేది. ఎవరైనా భరించలేనంత తప్పు చేస్తే అడవిలోంచి పంపెయ్యొచ్చు. కానీ పొమ్మన్నవాళ్లందరూ ఆ పోయేవాడి వెనకాలే సరిహద్దు బండ దాకా నడవాలి. వాడి నడకే నడవాలి. వాడు ఆగితే ఆగాలి. బండ దగ్గర వాడి మొహం చూసి, పొమ్మన్న మాట మళ్లీ చెప్పాలి. అంత దూరం ఎండలో ఎవరు నడుస్తారు? అందుకని ఎప్పుడో గానీ ఎవర్నీ పంపేవాళ్లు కాదు.

ఇలా ఉండగా కొండముచ్చుకి ఒక ఆలోచన వచ్చింది. అది మంచి మాటకారిలెండి. అందరూ కాళ్లరిగేలా తిరగడం దేనికి, అందరి తరఫునా ఒక్కళ్లు నడిస్తే చాలదా అంది. అందరికీ నచ్చింది. ఆ పని ఎలుగుబంటి నెత్తిన పడింది. ఎలుగుబంటి ముసలిది, నెమ్మదస్తురాలు, కాదనడం తెలీనిది. అందరూ పెద్దమ్మా అని పిలిచేవాళ్లు.

ఇంకేముంది, పొమ్మనడం తేలికైపోయింది. ముళ్లపంది పక్కన పడుకుంటే గుచ్చుకుంటోందన్నారు, పంపేశారు. నక్క ఊళ వేసి నిద్ర చెడగొడుతోందన్నారు, పంపేశారు. ముంగిస ఎవరితోనూ కలవదన్నారు, దాన్నీ పంపేశారు. పైగా గెంటేశాం అనేవాళ్లు కాదు. ముళ్లపందిని సాగనంపాం అంది కొండముచ్చు. నక్కకి సెలవిచ్చాం అంది. ముంగిసకి వేరే చోటు చూపించాం అంది. మాట మెత్తగా ఉంటే దారి దగ్గరవుతుందా ఏంటి, నా మొహం.

ప్రతిసారీ ఎలుగుబంటి వెంట వెళ్లేది, ఒంటరిగా తిరిగొచ్చేది. వచ్చి ఓ మూల కూలబడేది. తిండి సహించేది కాదు. వయసు మీద పడింది, కాళ్లనొప్పులు పాపం అనుకున్నారు అందరూ. ఏమైంది పెద్దమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఆ వేసవిలో మడుగు మరీ అడుగంటింది. ముసలి తాబేలు ఒకటి పొద్దస్తమానం అందులో దిగి బురద కెలికేది. నీళ్లు చిక్కబడి తాగడానికి పనికొచ్చేవి కాదు. దుప్పి పిల్లలకి జబ్బు చేసింది. వద్దు తాతా అని చెప్పి చూశారు, వినలేదు. అందరికీ విసుగొచ్చేసింది. తాతకి విశ్రాంతి ఇద్దాం అంది కొండముచ్చు. అందరూ తలలూపి, పెద్దమ్మా బయల్దేరు అన్నారు.

ఎలుగుబంటి లేవలేదు.

“నా వల్ల కాదు. నా ఓపిక అయిపోయింది. పొమ్మన్నది మీరు, మీరే నడవండి,” అంది.

పెద్దమ్మ ఎదురు చెప్పడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. బతిమాలారు, కసిరారు. అది కదల్లేదు. పాత కట్టుబాటే మేలు, పొండి అంది. దానిదేముంది, నడిస్తే పోలా అనుకుని తెల్లారగానే అందరూ బయల్దేరారు. ముందు నడిచేది తాబేలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

అది ఒక అడుగు వేసేది, ఆగి ఊపిరి పీల్చేది. దుప్పులకి గంతులెయ్యడం అలవాటాయె, ఆ నడకకి వాటి కాళ్లు పీక్కుపోయాయి. ఇప్పచెట్టు కింద తాబేలు ఆగింది, అందరూ ఆగారు. ఎండిన వాగులో ఆగింది, మళ్లీ ఆగారు. ఇసక కాలిపోతోంది. అడవిపందికి నోరు పిడచకట్టుకుపోయింది. ముసలాణ్ణి ఎత్తుకుని పరిగెడదామా అని అడిగింది. పోయేవాణ్ణి ఎత్తుకోకూడదు, కట్టుబాటు ఒప్పుకోదు. కొండముచ్చు మొదట్లో కబుర్లు చెప్పింది, తర్వాత అదీ నీడ కోసం వెతుక్కుంది. ఎదురుగా ఆ పాత డిప్ప, దాని కింద వణికే కాళ్లు. పొద్దంతా అవే చూస్తూ నడిచారు.

పొద్దు వాలుతుంటే సరిహద్దు బండ వచ్చింది. అవతల చెట్టూ లేదు, నీటిచుక్కా లేదు. కాస్త దూరంలో నేల మీద ముళ్లు చెల్లాచెదురుగా పడున్నాయి. నల్లా తెల్లా చారల ముళ్లు. మధ్యలో ఎముకలు. అవి ఎవరివో అందరికీ తెలిసిపోయింది.

వెనక నుంచి ఎలుగుబంటి వచ్చి చతికిలబడింది. ఉండబట్టలేక అదీ వచ్చేసింది.

“ఎటు పోవాలో తెలీక ముళ్లపంది ఇక్కడిక్కడే తిరిగింది. నక్కని తీసుకొచ్చిన రోజు చూశాను,” అంది. “నా కాళ్లు బాగానే ఉన్నాయి నాయనా.”

మరి మాకెందుకు చెప్పలేదని దుప్పి అడిగింది. మీరు అడగలేదు, చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది అంది ఎలుగుబంటి.

తాబేలు బండ మీదికి పాకి ఇటు తిరిగింది. దానికీ ఆ ముళ్లు కనబడ్డాయి.

“ఎండకి ఒళ్లు మంటెత్తి బురదలో దొర్లాను. తప్పు నాదే. మీరంతా అలిసిపోయారు. ఆ మాటేదో చెప్పెయ్యండి, పోతాను,” అంది.

మొహం చూసి చెప్పాలి కదా. అందరూ కొండముచ్చు వైపు చూశారు. సాగనంపుతున్నాం అనబోయింది, నోరు రాలేదు. సెలవిస్తున్నాం అనబోయింది, అదీ రాలేదు. విశ్రాంతి అనబోయి ఆ ముళ్ల వంక చూసి భోరుమంది.

“తాతా, ఇంటికి పోదాం పద,” అంది.

తిరిగొచ్చేవాణ్ణి ఎత్తుకోకూడదని కట్టుబాటులో ఎక్కడా లేదు. అడవిపంది తాబేలుని వీపు మీదికి ఎక్కించుకుంది. మడుగులో ఓ మూలకి రాళ్లు అడ్డం పెట్టి, ఆ బురద తాతకి వదిలేశారు. నీళ్లు తేరుకున్నాయా అంటే అంతంతమాత్రం. వానలొచ్చేదాకా అందరూ సణుక్కుంటూనే తాగారు. బండ దగ్గరికి వెళ్లి నక్కని, ముంగిసని చాలాసార్లు పిలిచారు. అవి రాలేదు.

ఆ తర్వాత ఇంకెవర్నీ పంపలేదా అంటారా? పంపారు. ఆకలి లేకపోయినా పిల్లల్ని కొరికి చంపే రేచుకుక్కని పంపారు. అందరూ నడిచారు, మొహం చూసి చెప్పారు. సాగనంపుతున్నాం అనలేదు, గెంటేస్తున్నాం అనే చెప్పారు. తిరిగొచ్చాక ఆ పూట ఎవరూ తిండి ముట్టలేదు.

అయిపోయింది కథ. హైమ గేటు బయట గట్టు మీద ఒక్కతే కూచుంది, వచ్చేటప్పుడు చూశాను. ఎలిమినేట్ చేసినవాళ్లు అందరూ లేచి వెళ్లండి. ఒక్కణ్ణి పంపి ఊరుకోవడం కాదు, అందరూ. నేను కాస్త టీ పెట్టుకుంటాను.

నీతి: ఎవర్నైనా పొమ్మనే ముందు, వాళ్లు పోవాల్సిన దారి నువ్వు నడిచి చూడు.