నూట ఎనభై ఒకటో మట్టిగడ్డ

చైత్ర శుద్ధ షష్ఠి. పొద్దు పొడిచి రెండు గడియలైంది. జమ్మలేటి సంస్థానం రాజు మాధవ భూపతి వేపపుల్లతో పళ్లు తోముకుంటూ, ఎదురుగా నిలబడిన రాయసం కొమ్మనను అడిగాడు.

“ఎల్లుండి నీరటి పెద్ద ఎన్నిక కదా. దిగువ వాళ్లు వస్తారా, రారా?”

“సగం మంది వస్తామంటున్నారు ప్రభూ. సగం మంది బహిష్కరిస్తామంటున్నారు.”

రాజు పుల్ల పారేశాడు.

“ఎటూ తేలని వ్యవహారం నాకు గిట్టదు. దిగువ బుట్ట ఖాళీగా కనిపించిందా, ఇక ఎన్నికలే ఎత్తేస్తాను. బతికున్నంత కాలం మా బావమరిదే నీరటి పెద్ద. ఆ రోజుతో నీ కొలువు కూడా ఆఖరు.”

నీరటి పెద్ద అంటే కాలువ తలుపులు ఎప్పుడు, ఎవరికి ఎత్తాలో చెప్పే మనిషి. పన్నెండేళ్లుగా ఆ పదవి రాణిగారి తమ్ముడు కసవరాజుది. ఎగువ రైతులంతా ఆయన పక్షం. కాలువ చివరున్న దిగువ పొలాలకు నీళ్లు చేరవు. ఈసారి వాళ్ల వరి పొట్టదశలో ఉంది. పదిరోజుల్లో ఒక్క తడి అందకపోతే అది పశువుల మేతే.

ఎన్నిక పద్ధతి పాతది. ప్రతి రైతూ తన మడిలోంచి ఒక మట్టిగడ్డ తెచ్చి, తనకు కావలసిన అభ్యర్థి బుట్టలో వేయాలి. సాయంత్రం బుట్టలు బోర్లించి లెక్కపెడతారు. చితికిన గడ్డ లెక్కకు రాదు.

ఎగువ ఇళ్లు నూట అరవై. దిగువ ఇళ్లు మూడు వందల అరవై. అయినా నాలుగు ఎన్నికల్లోనూ ఎగువే గెలిచింది. ఎగువ మట్టి తడి మట్టి, ముద్దలా నిలుస్తుంది. దిగువ మట్టి బోర్లించగానే పొడి.

ఆ మధ్యాహ్నమే కొమ్మన దిగువకు వెళ్లాడు. కళ్లంలో పోట్లాట జరుగుతోంది. బహిష్కరణ పక్షానికి పెద్ద చెంగల్రాయుడు. పోటీ చేస్తానంటున్నవాడు ఆయన సొంత అల్లుడు ఓబులేసు.

“నాలుగుసార్లు వెళ్లి పొడి లెక్కపెట్టించుకున్నాం. ఇంకా సిగ్గు లేదా అల్లుడూ?”

“ఇంట్లో కూర్చుంటే నీళ్లొస్తాయా మామా? మొన్న నువ్వు అలిగి అన్నం మానేశావు. ఏమైంది? అత్తయ్య నీ వాటా తీసుకెళ్లి గేదెకు పెట్టింది.”

కళ్లమంతా నవ్వింది. చెంగల్రాయుడు మీసం సర్దుకున్నాడు.

“గడ్డల్ని తడిపి తేవచ్చు కదా?” అన్నాడు కొమ్మన.

మామా అల్లుడూ ఒకేసారి లేచారు. నెల రోజుల్లో వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాటమీదే.

“తడిపి తెస్తే మాకు నీళ్లున్నాయనుకోరూ రాజుగారు? ఎండిన మట్టే తెస్తాం. చూడనీ!”

“నాలుగు ఎన్నికల్లో రాజుగారు ఒక్కసారైనా బుట్టలోకి తొంగిచూశారా?”

కొమ్మన ఆ మాట అని, అల్లుడి వైపు తిరిగాడు.

“ఓబులేసూ, నీ వెనక ఎంతమంది?”

“నూట ఎనభై. పేర్లు రాసుకున్నాను.”

“మిగతా నూట ఎనభై నాతో ఉన్నారు,” అన్నాడు చెంగల్రాయుడు. “పందిట్లో అడుగు పెట్టం. బుట్టలో గడ్డ వెయ్యం. ఒట్టేసుకున్నాం.”

“ఒట్టు మానమని ఎవరన్నారు? మీరు పందిరి బయట చలివేంద్రం పెట్టుకోండి. ఎండలు మండుతున్నాయి, నలుగురి దాహం తీర్చినట్టుంటుంది. మీ అల్లుడి మనుషులు దోసిలి పడతారు. గడ్డ ఆ దోసిట్లోనే ఉంటుంది. మీరు నీళ్లు కాస్త ధారాళంగా పోయండి.”

చెంగల్రాయుడు పడీపడీ నవ్వాడు.

ఎన్నిక రోజు కొమ్మన రాజుగారి ఆసనం పందిట్లో వేయించలేదు. చలివేంద్రం ఎదురుగా, నీడ పట్టున వేయించాడు. మొదట వచ్చిన ముసలి రైతు దోసిట్లో గడ్డ సున్నపురాయిలా తెల్లగా, నెర్రెలు విచ్చి ఉంది. కడవలోంచి నీళ్లు పడగానే అది చుర్రుమని పీల్చుకుంది.

“ఇది ఎక్కడి మట్టి?” అన్నాడు రాజు.

“తమరి కాలువ చివరిదే ప్రభూ,” అన్నాడు ముసలి రైతు.

రాజు వరసలో వచ్చిన ప్రతి దోసిలీ చూశాడు.

సాయంత్రం బుట్టలు బోర్లించారు. కసవరాజు బుట్టలో నూట అరవై గడ్డలు. ఓబులేసు బుట్టలో ఒక్కటీ చితకలేదు. రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ నూట ఎనభై ఒకటే వచ్చాయి.

కసవరాజు ఎగిరి లేచాడు. కొలువు మర్యాద మరిచిపోయాడు.

“మోసం బావా! ఎండు గడ్డల్ని తడిపారు! తడి గడ్డలు చెల్లవని ఇప్పుడే, ఇక్కడే ఆజ్ఞ ఇవ్వు!”

రాజు కొమ్మన వైపు చూశాడు. కొమ్మన చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

“అలాగే దొరవారూ. ముందు తమరి బుట్టతోనే మొదలుపెడదామా?”

పందిరి అదిరేలా నవ్వారు. ఎగువ రైతులు కూడా తలలు వంచుకుని నవ్వారు. రాజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి కొమ్మనకు కప్పాడు. “కొలువులోనే ఉండు. ఎక్కడికీ పోకు,” అన్నాడు.

బయట ఓబులేసు మనుషులు పోటీ చేసి గెలిచామని అరిచారు. చెంగల్రాయుడి మనుషులు బహిష్కరించి గెలిచామని అంతకంటే గట్టిగా అరిచారు.

ఓబులేసుకు మాత్రం లెక్క కుదరలేదు. పట్టీలో పేర్లు నూట ఎనభై. మామను పక్కకు పిలిచి అడిగాడు.

“ఆ ఎక్కువైన గడ్డ నీదేనా?”

“ఛీ! ఒట్టంటే ఒట్టే.”

ఎన్నిక తర్వాత ఎనిమిదో రోజున నీళ్లు కాలువ చివరికి చేరాయి. కట్టిన గండ్లు తీస్తున్న కూలీలు చెబితేనే అసలు సంగతి తెలిసింది. అన్నిటికంటే చివరి మడి రాణిగారికి పుట్టింటి వాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చినది. పన్నెండేళ్లుగా దానికీ నీళ్లు లేవు. ఎన్నిక నాడు రాణిగారి దాసి ఆ మడిలోంచి ఒక గడ్డ తీసుకుని, చలివేంద్రం దగ్గర అందరితో పాటు వరసలో నిలబడి దోసిలి పట్టిందట.