ఉడుత పళ్లెం బొమ్మకి కోతి దిద్దుబాట్లు

ఇది అక్షరం పొల్లుపోని నిజం. ఇందులో గోరంత కల్పించానని తేలితే నాకు మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే రాలి ఒళ్లో పడాలి. చూశారుగా, ఉన్నాయి. ఇక వినండి.

కొండవాలు జీడితోటలో ఆ ఏడు జంతువులన్నిటికీ బొమ్మల పిచ్చి పట్టింది. గేదె గడ్డివాము గీస్తే దాని దూడ వచ్చి సగం బొమ్మ మేసేసింది. తాబేలు పొద్దుపొడుపు గీద్దామని కూర్చుంటే రంగు కలిపేసరికి ముసలిదైపోయింది. ఇంతమందిలోకీ పనిమంతురాలు చారలమ్మ అనే ఉడుత. తోకే దాని కుంచె. పాత చేట బోర్లించి, పేడతో అలికి, దాని మీద పళ్లెం బొమ్మ గీసింది. పళ్లెం బొమ్మంటే ఏం లేదు, టేకాకులో కాయా పండూ పేర్చి, ఉన్నది ఉన్నట్టు దించడం. దానికి తోటలో ఒక కట్టుబాటు ఉంది. ఆకులో ఉన్నదే బొమ్మలో ఉండాలి, బొమ్మలో చెరిపింది ఆకులోంచీ తీసెయ్యాలి. లేకపోతే అది దొంగబొమ్మ.

చారలమ్మ ఆకులో పేర్చినవి రేగుపళ్లు, ఒక జామకాయ, చేలో ఏరుకొచ్చిన గుప్పెడు వేరుశెనక్కాయలు. ముసురు పడితే పిల్లలకి పెట్టడానికి దాచుకున్న తిండి అదే. బొమ్మ అయ్యాక తొర్రలోకి చేరుద్దామనుకుంది. ఈలోగా తోటివాళ్లకి చూపించి నాలుగు మంచి మాటలు చెప్పించుకోవాలని బుద్ధి పుట్టింది.

వచ్చారు. ముందు పింగళయ్య అనే కోతి. జన్మలో ఒక్క బొమ్మా పూర్తి చెయ్యలేదు కాబట్టి అందరి బొమ్మలూ దిద్దే తీరిక ఆయనకుంది. వెనకాలే నీలయ్య అనే కాకి. ఎప్పుడో రంగులో కాలు పెట్టి బండ మీద నడిచాడట, అప్పట్నుంచీ అతనూ చిత్రకారుడే.

పింగళయ్య తోక భుజాన వేసుకుని చేట చుట్టూ తిరిగాడు.

"బాగుంది చారలమ్మా. బాగుంది కనకే చెబుతున్నా. రేగుపళ్లు ఎక్కువయ్యాయి. చూపు అక్కడే ఆగిపోతోంది."

"నా చూపూ అక్కడే ఆగిందండీ," అన్నాడు నీలయ్య. ఆ పూట అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఉడుత బొమ్మలో రేగుపళ్లు చెరిపింది. "ఆకులోవి నేను తీస్తాలే, నీ చేతికి రంగుంది," అని పింగళయ్య వాటిని మాయం చేశాడు. నమిలితే మర్యాద కాదని దవడలో దాచుకున్నాడు. ఆ దవడ సంగతి మీకు తెలీదు, అందులో ఎడ్లబండి తోలుకుపోవచ్చు.

"జామకాయ మీద వెలుగు తప్పుగా పడింది," అన్నాడు మళ్లీ.

"ఎటునుంచి పడాలండీ?"

"చెప్పినా నీకు ఎక్కదు. తీసెయ్."

జామకాయ నీలయ్య వాటాకి పోయింది. అతను దాన్ని అక్కడే పొడుచుకు తిని, ముక్కు రెక్కలో తుడుచుకున్నాడు.

"ఇక ఆ వేరుశెనక్కాయలు."

"అవి ఉండనివ్వండి పెద్దాయనా. ముసురుకి నా పిల్లల తిండండీ అది."

"అదిగో, అదే నీ లోపం. బొమ్మ ముందు కూర్చుని పిల్లల్ని తలుచుకునేవాళ్లు పైకి రారు. చెరుపు."

చెరిపింది. కాయలన్నీ రెండో దవడలోకి పోయాయి. చారలమ్మ ఖాళీ ఆకు చూసింది, బుర్రంత ఉబ్బిన పింగళయ్య బుగ్గలు చూసింది. అప్పటికి గాని బోధపడలేదు పిచ్చిదానికి. అడిగితే? తోక పట్టుకుని పక్క ఊళ్లోకి విసిరేస్తాడు. అందుకని చేతులు కట్టుకుంది.

"ఇప్పుడు బొమ్మ బోసిపోయింది పెద్దాయనా. ఇందులో ఏదైనా గొప్పది పెడితే తప్ప నిలబడదు. నా కంటికైతే మీరు తప్ప ఎవరూ ఆనడం లేదు."

పింగళయ్య సర్దుకుని నిలబడ్డాడు. "నేనా? సరే, నీ ముచ్చట కాదనడం దేనికి."

"ప్రాణమున్నవి పళ్లెం బొమ్మలో పనికిరావు కదండీ," అన్నాడు కాకి, తనని పిలవలేదని.

"కదిలేవి పనికిరావు," అంది ఉడుత. "కదలకుండా ఉండడం అందరివల్లా అవుతుందా? ఆకులో కూర్చోండి పెద్దాయనా. కొండవైపు చూడండి, ఆలోచిస్తున్నట్టుంటుంది. అయ్యో, ఆ బుగ్గలు. గవదబిళ్లలు లేచాయా? అలాగే దించేస్తే రేపు మీ మనవలు చూసి నవ్వరూ?"

పింగళయ్య అటు తిరిగి, గబుక్కున రెండు దవడలూ నేల మీద ఖాళీ చేసి, కాయల్నీ పళ్లనీ తన వెనక్కి తోశాడు. ముఖం చెక్కినట్టు పెట్టుకుని కొండని చూస్తూ బిగుసుకుపోయాడు.

"ఎర్రమన్ను తెస్తా, కదలకండేం," అని చారలమ్మ నోటినిండా కాయలతో తొర్రకి పోయింది. "బొగ్గు చాల్లేదు," అని ఇంకో విడత మోసింది. "పసుపు మరిచాను," అని రేగుపళ్లూ చేరేసింది. చీమలు పింగళయ్య ముక్కు మీద కాపురం పెట్టి మనవల్ని ఎత్తాయి, అయినా ఆయన కదల్లేదు. చివరికి పొద్దుగూకే వేళ ఉడుత నాలుగు గీతలు గీసి, "అయిందండీ," అని తొర్రలో దూరింది.

పింగళయ్య ఆత్రంగా తిరిగి చూశాడు. చేటంతా నిండుగా, గుండ్రంగా, ఎర్రగా ఆయన పిర్రలు.

"ముఖమేదే?"

"మీరు అటు తిరిగి కూర్చున్నారు కదండీ," అంది ఉడుత తొర్రలోంచి. "ఉన్నది ఉన్నట్టు దించాను."

పింగళయ్య వెనక నేల తడిమాడు. ఒక్క తొక్క కూడా లేదు. దిక్కుతోచక కాకి వైపు చూశాడు. నీలయ్య తల వాల్చి ఒక కంటితో బొమ్మనీ, ఇంకో కంటితో ఆయన్నీ పరీక్షించాడు.

"పోలిక బాగా కుదిరిందండీ. తియ్యాల్సింది ఏమీ లేదు."

ఎదుటివాడి పనిలో ఎక్కువైందేమిటో చెప్పేవాడికి, తన గొప్ప చెప్పగానే బుద్ధి తక్కువైపోతుంది.

సరే, నోరు తెరుచుకుని చూసింది చాలు. మేడమీద గుమ్మడి వడియాలు ఆరబెట్టాను. కర్ర పట్టుకుని వెళ్లి, అవి ఇంకా ఉన్నాయో లేదో చూసి రండి.